ఉన్నా వీధి, నీలం డబ్బా, నూరుసార్లు కడిగిన నెయ్యి

రాత్రి రెండున్నరకి మా ఇంట్లో ఒక చప్పుడు వినిపించేది. బర... బర... బర. ఎలక కాదు. మా మూడేళ్ళ పిల్ల నిద్రలో మోచేతి మడత గోక్కుంటున్న చప్పుడు. పొద్దున లేచి చూస్తే దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు. చేతులకి నూలు గ్లవుజులు తొడిగి పడుకోబెడితే మంచం పట్టెకేసి రుద్దుకునేది. నేనూ మా ఆవిడా వంతులేసుకుని ఆ చేతులు పట్టుకు కూర్చునేవాళ్ళం. మర్నాడు ఆఫీసులో మీటింగుల్లో నేను చెప్పిన ఎస్టిమేట్లు ఎందుకు తప్పేవో మా మేనేజరుకి ఎప్పటికీ తెలియదు :)

హాంబర్గ్ వచ్చిన రెండో చలికాలం అది. పిల్లల డాక్టరు గారు మోచేతులూ, మోకాళ్ళ వెనకా, మెడ దగ్గరా చూసి ఒకే ఒక్క మాటన్నారు: "నొయ్‌రోడెర్మిటిస్". మా జర్మన్ అప్పటికి బస్సు టిక్కెట్టు కొనుక్కునే స్థాయి. "నొయ్‌రో" అన్న ముక్క చెవిన పడగానే మా ఆవిడ మొహం పాలిపోయింది. పిల్లకి నరాల జబ్బా?

కాదట. అది మామూలు ఎగ్జిమానే. పేరులో నరాలెందుకు దూరాయంటే, 1891లో బ్రోక్, జాకే అని ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఈ దురదకి మూలం నరాల్లో ఉందనుకుని ఆ పేరు పెట్టారు. తరవాత ఆ అభిప్రాయం పోయింది, పేరు మాత్రం జర్మన్ల నోట్లో ఉండిపోయింది. 1933లో అమెరికాలో వైజ్, సల్జ్‌బర్గర్ అనే ఇద్దరు "అటోపిక్ డెర్మటైటిస్" అని కొత్త పేరు పెట్టారు, ఇప్పుడు పుస్తకాల్లో ఉన్నది అదే. "ఎగ్జిమా" అన్న మాట మాత్రం గ్రీకు నుంచి వచ్చింది, "పొంగడం" అని అర్థం. పొయ్యి మీద పాలు పొంగినట్టు చర్మం పొంగుతుందన్న మాట. మన పల్లెల్లోనూ తట్టుని "పొంగు" అంటారు కదా, మనుషుల ఊహలు ఎక్కడైనా ఒకలాగే నడుస్తాయి కాబోలు.

మన భాషలో దీనికి సరైన పేరు లేకపోవడం మాత్రం మా కొంప ముంచింది. ఫోన్లో చెప్పగానే తెనాల్లో మా అమ్మ "తామరేమోరా" అంది. పక్కింటి పిన్నిగారు "గజ్జి" అన్నారు. అసలు తామర అంటే ఫంగస్ వల్ల వచ్చేది. గజ్జి అంటే కంటికి కనపడని పురుగు చర్మంలో దూరితే వచ్చేది. ఎగ్జిమా ఈ రెండూ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు. కానీ మన ఊళ్ళో ఈ మూడింటికీ మందుల షాపు అబ్బాయి ఇచ్చే ట్యూబు ఒక్కటే. అలాంటి ట్యూబు ఒకటి, ఇండియా వెళ్ళొచ్చిన మిత్రుడి సూట్‌కేసులో మా ఇంటికి చేరింది. చీటీ లేదు, అడగడం లేదు. రాశాం. నాలుగు రోజుల్లో పిల్ల చర్మం పట్టులా అయిపోయింది. అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాం. ట్యూబు అయిపోయిన వారానికి ఇంతకింతా తిరగబెట్టింది. అప్పుడు తీరిగ్గా వెనక్కి తిప్పి చదివితే తెలిసింది, అందులో ఉన్నది గట్టి స్టెరాయిడ్, దానితో పాటు ఫంగస్ మందూ, యాంటీబయోటిక్కూ. ఏ రోగమైతే ఆ రోగానికి తగలకపోతుందా అని కట్టిన గుళ్ళ మూట. (ఇండియాలో 2018లో ఇలాంటి పైపూత స్టెరాయిడ్లు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. షాపుల్లో అది ఏ మాత్రం అమలవుతోందో మీకు తెలిసే ఉంటుంది.)

ఇక అక్కణ్ణించి మా ఆవిడకి స్టెరాయిడ్ అన్న మాట వింటేనే భయం. డాక్టరు గారు రాసిచ్చిన తేలికపాటి హైడ్రోకార్టిసోన్ ని కూడా పక్కన పెట్టేసింది. నేను రాయమంటే తను వద్దంటుంది. మధ్యలో పిల్ల.

ఆ రోజుల్లోనే ఒక శనివారం, పిల్లని స్ట్రోలర్ లో వేసుకుని ఐమ్స్‌బ్యుట్టెల్ వైపు తిరుగుతున్నాను. ఓస్టర్‌ష్ట్రాసె దగ్గర మెట్రో దిగి కాస్త నడిస్తే ఒక వీధి పేరు: "ఉన్నాష్ట్రాసె". తెలుగువాడికి నవ్వు రాకుండా ఉంటుందా! మా ఆవిడ ఫోన్ చేసి "ఎక్కడున్నావ్?" అంటే "ఉన్నాలో ఉన్నా" అన్నాను. పెట్టేసింది. ఎవరీ ఉన్నా అని ఇంటికొచ్చి వెతికితే తెలిసింది: నేను రెండేళ్ళుగా నా పిల్ల జబ్బు చరిత్ర మీదే తిరుగుతున్నానని.

పాల్ గెర్సన్ ఉన్నా 1850లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. యూదు కుటుంబం, తండ్రి కూడా వైద్యుడే. వియన్నాలో చర్మవైద్యం నేర్చుకుని 1880ల్లో హాంబర్గ్ లో సొంత క్లినిక్ పెట్టాడు. 1894లో ఆయన రాసిన చర్మరోగాల హిస్టోపాథాలజీ గ్రంథం ఆ శాస్త్రానికి పునాదుల్లో ఒకటి. కాలి పుండ్లకి జింక్ జిగురుతో కట్టే కట్టుని ఈనాటికీ ఆసుపత్రుల్లో "ఉన్నా బూట్" అనే అంటారు. ఇంత పని చేసినా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు కుర్చీ ఆయనకి దక్కింది 1919లో, హాంబర్గ్ యూనివర్సిటీ పుట్టిన ఏడు. అప్పటికి డెబ్భైకి దగ్గర పడ్డాడు.

ఎగ్జిమా గురించి ఆయన అనుకున్నది తప్పు కావడం నాకు బాగా నచ్చిన సంగతి. వియన్నాలో హెబ్రా గారి బడి మాట ఏమిటంటే, బయటి నుంచి చర్మాన్ని రేపితే ఎగ్జిమా వస్తుంది. క్రోటన్ నూనె రాసి మరీ తెప్పించి చూపించాడాయన. ఉన్నా అక్కడ చదువుకుని వచ్చి కూడా, కాదు, దీనికి కారణం ఒక క్రిమి అన్నాడు. ఆ రోజుల్లో కోఖ్, పాశ్చర్ ల పుణ్యమా అని ప్రతి జబ్బుకీ ఒక క్రిమి దొరుకుతోంది మరి. 1900లో పారిస్ లో జరిగిన చర్మవైద్యుల మహాసభలో దీని మీద పెద్ద చర్చే నడిచింది, ఎక్కువమంది ఆయన మాట ఒప్పుకోలేదు. క్రిమి అక్కడ ఉండటం నిజమే, ఇప్పటికీ ఎగ్జిమా మచ్చల మీద స్టెఫిలోకాకస్ తరచూ కనిపిస్తుంది, రోగాన్ని ఎగదోస్తుంది కూడా. కానీ మొదలు అది కాదు. కారణం తప్పుగా పట్టుకున్న మనిషే వైద్యంలో మాత్రం దారి చూపించాడు. ప్రోగ్రామర్లకి ఇది అర్థమవుతుంది. బగ్ ఎక్కడుందో తెలియకుండానే పనిచేసే ప్యాచ్ రాసిన సందర్భాలు మనకి లేవా!

ఆ ప్యాచ్ సంగతి చూద్దాం. ఉన్నాకి ముందు చర్మానికి రాసే మందంటే పంది కొవ్వులో కలిపినది. నాలుగు రోజులకి కంపు కొట్టేది. రాసిన మందు బట్టలకంటుకు పోయేది, ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు. ఉన్నా ఊళ్ళోని పాల్ బయర్స్‌డోర్ఫ్ అనే మందుల దుకాణదారుతో కలిసి పనిచేశాడు. గట్టాపెర్చా అని, రబ్బరు లాంటి చెట్టు పాలు పూసిన బట్ట మీద కొలిచిన మందు పరిచి చర్మానికి అంటించే పట్టీలు తయారుచేశారు. 1882 మార్చి 28న బయర్స్‌డోర్ఫ్ కి దాని మీద పేటెంటు వచ్చింది. ఆ కంపెనీ తన పుట్టినరోజు ఈనాటికీ దాన్నే అంటుంది. ఆ పట్టీ కింద గోళ్ళు చేరవు కూడా. రాత్రిళ్ళు పిల్ల చేతులు పట్టుకు కూర్చున్నవాడికి ఆ సంగతి ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

1890లో బయర్స్‌డోర్ఫ్ తన వ్యాపారాన్ని ఆస్కార్ ట్రోప్లోవిట్స్ అనే ఇరవయ్యేడేళ్ళ ఫార్మసిస్టుకి అమ్మేశాడు. ఈయనా యూదుడే, సిలీషియా ప్రాంతం వాడు. బావమరిది ఓటో హాన్స్ మాంకీవిట్స్ తో కలిసి చిన్న ప్రయోగశాలని పెద్ద కంపెనీ చేశాడు. ఉన్నా సలహాదారుగా ఉండిపోయాడు.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. నీళ్ళూ నూనే కలవవు, అది మన వంటింట్లో పోపు వేసే ప్రతివాళ్ళకీ తెలుసు. ఎండిన చర్మానికి రెండూ కావాలి. నీళ్ళొక్కటే పోస్తే ఆరిపోతూ ఉన్న తడిని కూడా పట్టుకుపోతాయి. నూనొక్కటే రాస్తే పైన మూత వేస్తుంది, లోపల తడి లేకపోతే ఆ మూతకి పనే లేదు. రోమన్ల కాలంలో గాలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీళ్ళు కలిపి చేశాడంటారు, "కోల్డ్ క్రీం" అన్న పేరు దాన్నుంచే వచ్చింది. కానీ అది నిలవదు, విడిపోతుంది. 1880ల్లో బెర్లిన్ లో లీబ్రైఖ్ గొర్రె బొచ్చులో ఉండే కొవ్వుని శుద్ధి చేసి "లానొలిన్" అన్నాడు. అది నీళ్ళని బాగా పట్టుకుంటుంది గానీ జిడ్డు, బంక, గొర్రె వాసన. ఆ కొవ్వులో నీళ్ళని పట్టుకునేది నిజానికి ఏది అని ఏళ్ళ తరబడి తవ్వినవాడు ఐజాక్ లిఫ్‌షుట్స్ అనే రసాయన శాస్త్రవేత్త. ఉన్నికొవ్వులోని ఆల్కహాల్స్ ని విడదీసి, కొంచెం తీసుకెళ్ళి వాసెలిన్ లాంటి దాంట్లో కలిపితే, అప్పటిదాకా చుక్క నీరు తాగని ఆ వాసెలిన్ తన బరువంత నీళ్ళు తాగి కూర్చుంటుంది. నెలల తరబడి విడిపోదు. దానికి యూసెరిట్ అని పేరు, "మంచి మైనం" అని అర్థం. దీని విలువ కనిపెట్టి ట్రోప్లోవిట్స్ చెవిన వేసింది ఉన్నా. 1911లో లిఫ్‌షుట్స్ కంపెనీలోకి వచ్చాడు, ఆ డిసెంబరులో తెల్లటి క్రీము ఒకటి బజారుకెక్కింది. మంచు అనే లాటిన్ మాట మీద నివియా అన్నారు. మొదటి డబ్బా పసుపు రంగు, మనందరికీ తెలిసిన నీలం డబ్బా 1925లో వచ్చింది.

అంటే మా అమ్మ చలికాలం కాలి పగుళ్ళకి రాసుకున్న నీలం డబ్బా పుట్టిల్లు నా స్ట్రోలర్ దాటిన వీధే! ఆ కంపెనీ చిరునామా దశాబ్దాల పాటు ఉన్నాష్ట్రాసె 48.

ఇక్కడ పిడకలవేట ఒకటి, వదిలేద్దామనుకుని వదల్లేకపోతున్నాను. ట్రోప్లోవిట్స్ 1912లో తన కంపెనీలో వారానికి 48 గంటల పని పెట్టాడు, కార్మికులకి ఉచితంగా మధ్యాహ్నం భోజనం పెట్టాడు. 1918లో ఆయనా, మాంకీవిట్సూ కొన్ని నెలల తేడాలో పోయారు. తన దగ్గరి చిత్రాలని ఊరి మ్యూజియానికి రాసిచ్చాడు, అందులో ఒక పికాసో కూడా ఉంది. నాజీలు 1937లో దాన్ని "దిగజారిన కళ" అని తీయించేశారు. 1933లో పోటీదారులు "నివియా కొంటే యూదుల కంపెనీకి సాయం చేసినట్టే" అని అర్థమొచ్చే స్టిక్కర్లు అచ్చేసి పంచారు. అప్పటి అధిపతి విల్లీ యాకబ్‌సన్, ఆయనతో పాటు బోర్డులోని ఇతర యూదులూ ఆ వసంతంలో తప్పుకున్నారు. యాకబ్‌సన్ ఆమ్‌స్టర్‌డామ్ కీ, అక్కణ్ణించి అమెరికాకీ వెళ్ళిపోయాడు. ఉన్నా అదృష్టవంతుడు, 1929లోనే పోయాడు. వీసా కాగితాలు పట్టుకుని ఏడాదికోసారి ఆఫీసు మెట్లెక్కే నాలాంటి వాడికి, ఈ ఊరికి ఇంత చేసిన వాళ్ళ గతే ఇదా అని ఒక క్షణం గుండె ఆగినట్టయింది. వీధికి ఇప్పుడు పేరుంది, బాగానే ఉంది. ఇక్కడికి తొంభై కిలోమీటర్ల దూరాన కీల్ నగరంలో షాడే, మార్కియోనీనీ అనే ఇద్దరు 1928లో చర్మం పైపొర ఆమ్లంగా ఉంటుందని, అదొక కవచమని చెప్పారు. ఈ మార్కియోనీనీ కూడా దేశం విడిచి అంకారా వెళ్ళిపోయి, యుద్ధం అయ్యాక హాంబర్గ్ కే తిరిగొచ్చి పాఠాలు చెప్పాడు.

ఆ కవచం మాట మా ఇంటికి బాగా పనికొచ్చింది. ఎందుకంటే ఆ వేసవిలో అమ్మ మూణ్ణెల్ల వీసా మీద దిగింది. సూట్‌కేసు నిండా నువ్వుల నూనె, సున్నిపిండి, కొత్త ఆవకాయ. దిగిన మర్నాడే పిల్లకి తలంటు. నూనె పట్టించినంతసేపూ పిల్ల హాయిగా ఉంది. తరవాత సున్నిపిండితో నలుగు పెట్టి, కాగిన నీళ్ళు పోసి, సబ్బుతో జిడ్డు వదిలేదాకా తోమింది. సాయంత్రానికి ఒళ్ళంతా ఎర్రబారి పిల్ల ఒకటే ఏడుపు. మా ఆవిడ "అత్తయ్యా, ఇక చాలండీ" అని పిల్లని లాక్కుంది. అమ్మ "మీరంతా ఇలాగే పెరగలేదూ" అని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

నాకు అప్పుడు తట్టింది. మనవాళ్ళు సగం సరిగ్గానే చేశారు. నూనె రాశారు, ఆ రాసిన నూనెని రుద్ది రుద్ది కడిగేశారు. మామూలు చర్మం దానికి తట్టుకుంటుంది. మా పిల్లది తట్టుకోదు. 2006లో స్కాట్లాండ్ లోని డండీలో మెక్లీన్ బృందం చెప్పింది, ఎగ్జిమా ఉన్న చాలామందిలో ఫిలగ్రిన్ అనే ప్రోటీన్ తయారుచేసే జన్యువు సరిగా ఉండదని. ఇటుకల గోడకి మధ్యలో సిమెంటు తగ్గినట్టు. లోపలి తడి బయటికి కారిపోతుంది, బయటి దుమ్మూ క్రిములూ లోపలికొస్తాయి. మా భాషలో చెప్పాలంటే మెమరీ లీక్. దాన్ని సరిచేసే ప్యాచ్ ఇంకా రాలేదు కాబట్టి, రోజూ రెండు పూటలా రీస్టార్ట్ చేసుకోవాల్సిందే.

మర్నాడు అమ్మని ఊరికే అడిగాను, "నీ చిన్నప్పుడు ఒళ్ళు కాలితే ఏం రాసేవాళ్ళు?" అని. "నెయ్యి కడిగి రాసేవాళ్ళురా, మా తాతగారు రాగి పళ్ళెంలో వేసి నీళ్ళు పోసి అరచేత్తో రుద్దేవాడు. నీళ్ళు వంపి మళ్ళీ పోసి, నూరుసార్లు. వెన్నపూసలా తెల్లగా అయ్యేది, నెయ్యి వాసన కూడా ఉండేది కాదు" అంది. శతధౌత ఘృతం! ఆయుర్వేదంలో ఉన్నదే. ఆలోచించండి, నెయ్యిలోకి సన్నని నీటి బొట్లు ఎక్కించి పట్టి ఉంచడమే కదా అది. లిఫ్‌షుట్స్ ప్రయోగశాలలో చేసినదాన్ని మా ముత్తాత మోచేతి బలంతో చేసేవాడన్న మాట. అదే మందని, ఇదే పనిచేస్తుందని నేననడం లేదు. కానీ ఆ ఒక్క మాటతో అమ్మకీ, ఫార్మసీ డబ్బాకీ మధ్య గోడ కూలింది.

మా వీధి చివరి ఫార్మసీకి అమ్మని తీసుకెళ్ళాను. జర్మనీలో డాక్టరు చీటీ రాస్తే క్రీముని అక్కడే కలిపి ఇస్తారు. ఇక్కడి మందుల సంహితలో ఒక పాత లేపనం ఉంది: వందకి ఆరు పాళ్ళు ఉన్నికొవ్వు ఆల్కహాల్స్, మిగతాది దాదాపు అంతా వాసెలిన్. దానికి సమానంగా నీళ్ళు కలిపితే క్రీము. వందేళ్ళ నాటి పనే. తెల్ల కోటు వేసుకున్న ఆవిడ గరిటెతో కలుపుతుంటే అమ్మ అద్దంలోంచి చూసి, "నూరు సార్లు తిప్పుతుందా?" అంది. (అన్నట్టు నీలం డబ్బా మేం పిల్లకి రాయలేదు. అందులో సువాసన ఉంటుంది, ఇలాంటి చర్మానికి వాసనలేవీ వద్దన్నారు. కొందరికి ఉన్నికొవ్వే పడదు, చిన్న చోట రాసి చూసుకోవాలి. మన బోరోలిన్ లో కూడా 1929 నుంచీ ఇదే లానొలినూ జింకూ ఉన్నాయి, వాసనతో సహా.)

ఆ తరవాత పద్ధతి కుదిరింది. గోరువెచ్చటి నీళ్ళు, అయిదు నిమిషాలు, సబ్బు లేదు. మామూలు సబ్బు క్షారం, అది ఆ ఆమ్లపు కవచాన్ని తినేస్తుంది. తువ్వాలుతో అద్దడమే, తుడవడం లేదు. ఒళ్ళు తడిగా ఉండగానే క్రీము, పొదుపు చెయ్యకుండా. మేం మొదట్లో గోరంత రాసి "పని చెయ్యట్లేదు" అనుకునేవాళ్ళం, చిన్నపిల్లకైనా వారానికి పావు కిలో దాకా పడుతుందని తరవాత తెలిసింది. నూనెతో ఒళ్ళు పట్టడం అమ్మ మానలేదు, కొబ్బరినూనెకి మారింది. ఫిలిప్పీన్స్ వాళ్ళు 2014లో పిల్లల మీద చూసి అది మేలన్నారు కాబట్టి నేనేమీ అనలేదు. నూనెలన్నీ ఒకటి కావు, ఆలివ్ నూనె చర్మపు గోడని పాడుచేస్తుందని 2013లో ఇంగ్లండ్ లో తేలింది. వంకాయా, గోంగూరా మానిపించడం అనే పథ్యం మాత్రం డాక్టరు గారు ఒప్పుకోలేదు. పరీక్ష చెయ్యకుండా ఎదిగే పిల్ల తిండి తగ్గించొద్దన్నారు.

స్టెరాయిడ్ సంగతి కూడా తేలింది. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ హైడ్రోకార్టిసోన్ పూతని మొదటిసారి ఎగ్జిమా మీద పెట్టి చూపించారు. నరాల పేరు తీసేసిన ఆ సల్జ్‌బర్గరే. మండుతున్న ఇంటికి కావలసింది నీళ్ళ బకెట్టు, సున్నం వెయ్యడం కాదు. మంట ఆరాక సున్నం. డాక్టరు గారు మా ఆవిడ వేలు పట్టుకుని ట్యూబు నుంచి వేలి కొస గీత దాకా పిండి చూపించారు: ఇంత, రెండు అరచేతులంత మేరకి, ఇన్ని రోజులు, తరవాత ఆపాలి. కొలత చేతికి రాగానే భయం సగం పోయింది.

మిగతా సగం వేరే. ఒక రాత్రి తను అడిగింది, "పుట్టినప్పటి నుంచీ క్రీము రాసుంటే దీనికి వచ్చేదే కాదేమో కదా? నేనే చూసుకోలేదేమో." 2020లో బ్రిటన్ లో వచ్చిన బీప్ అనే పెద్ద పరిశోధన చూపించాను. 1394 మంది పసిపిల్లలు, సగం మందికి ఏడాది పాటు రోజూ క్రీము, సగం మందికి లేదు. రెండేళ్ళు వచ్చేసరికి రెండు వైపులా ఎగ్జిమా దాదాపు ఒక్కలాగే ఉంది. వచ్చాక అదుపులో పెట్టడానికి క్రీము కావాలి, రాకుండా ఆపడం మాత్రం దాని వల్ల కాలేదు. తను ఆ టేబుల్ ని రెండుసార్లు చదివింది. ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ మూసేసి పిల్ల పక్కన పడుకుంది.

అమ్మ సెప్టెంబరులో వెళ్ళిపోయింది. ఇప్పటికీ చలి మొదలయ్యే వారం పిల్ల మోచేతుల్లో ఎరుపు తొంగిచూస్తుంది. డబ్బా మంచం పక్కనే ఉంటుంది. మొన్న ఫోన్లో అమ్మ పిల్ల గురించి అడగాల్సినవన్నీ అడిగి, చివర్లో గొంతు తగ్గించి అంది: "ఒరేయ్, ఆ తెల్లకోటావిడ కలిపిచ్చిన వెన్న ఉంది చూడూ... ఎవరైనా వస్తుంటే ఒక డబ్బా పంపు. నా మడమలు మళ్ళీ పగిలాయి."